24× అనే అంకె చూసి స్కోప్ కొనకండి: లోపలి అద్దాల నుంచి బిగించడం దాకా

నేను కొన్న మొదటి స్కోప్, అంటే రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్భిణి, 6-24×50. అంటే 6 రెట్ల నుంచి 24 రెట్ల దాకా దగ్గరగా చూపిస్తుంది, ముందున్న అద్దం వ్యాసం 50 మిల్లీమీటర్లు. పెట్టె మీద ఆ 24 చూసి మురిసిపోయాను, ధర చూసి ఇంకా మురిసిపోయాను. డాలస్ నుంచి రెండు గంటల దూరంలో తెలిసినాయన పొలం ఉంది, అక్కడ అడవి పందుల బెడద. అనంతపురంలో వేరుశనగ చేలు చూస్తూ పెరిగినవాడిని కాబట్టి పందులు రాత్రికి రాత్రి చేనుని ఏం చేస్తాయో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దు గూకుతుండగా ఒకటి వచ్చింది, అరవై గజాల దూరం కూడా లేదు. స్కోప్‌లో కన్ను పెడితే నల్లటి ముద్ద ఒకటి కనిపించింది, అది వీపో పొట్టో పక్కనున్న పొదో అర్థం కాలేదు. ఎందుకంటే మధ్యాహ్నం గురి సాధన చేసే రేంజ్‌లో 24 మీద పెట్టి అలాగే వదిలేశాను, అంత దగ్గర్లో 24 రెట్లు పెడితే కనిపించే మేర మూడడుగులు కూడా ఉండదు, పైగా చీకటి. రెట్లు మార్చే రింగు తిప్పి తగ్గించేలోపు పంది వెళ్లిపోయింది. పక్కనున్నాయన దగ్గర ఇరవై ఏళ్ల నాటి 3-9×40 ఉంది, ఆయన దాన్ని 4 మీద పెట్టుకుని పంది చెవులు కూడా లెక్కపెట్టాడు.

ఆ రోజు నుంచి ఎవరు స్కోప్ గురించి అడిగినా నేను చెప్పేది ఒకటే: రెట్లు కొనకండి, అద్దం కొనండి. అది ఎలా చేయాలో వరసగా చెప్తాను.

అన్నిటికంటే ముందు: తుపాకీ మీ చేతిలో ఉండొచ్చా?

ఇది అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం, మిగతావాళ్లు దాటేయండి. స్కోప్ కొనడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, అది వట్టి దుర్భిణి లాంటిదే. తుపాకీ సంగతి వేరు. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. మినహాయింపులు ఉన్నాయి, అందరూ వాడుకునేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. రేంజ్‌కి వెళ్లి అద్దెకి తీసుకుని పేల్చినా, స్నేహితుడిది కాసేపు చేతిలోకి తీసుకున్నా అది "దగ్గర ఉంచుకోవడం" కిందకే రావచ్చు. వీకెండ్ సరదాకి వెళ్లి ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టేవాళ్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవి పందుల్ని వేటాడడానికి 2019 సెప్టెంబర్ నుంచి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. కానీ వీసా మీద ఉన్నవాళ్లు "అక్కర్లేదన్నారుగా" అని మానేయకండి, మీకు ఆ లైసెన్సే రక్షణ. అనుమానం ఉంటే ముందు లాయర్, ఆ తర్వాతే స్కోప్.

గొట్టం లోపల ఏం జరుగుతుంది

పదో తరగతి ఫిజికల్ సైన్స్ ల్యాబ్ గుర్తు తెచ్చుకోండి. కుంభాకార కటకం ముందు కొవ్వొత్తి పెడితే అవతల తెర మీద జ్వాల తలకిందులుగా పడేది. స్కోప్ ముందు అద్దం, అంటే ఆబ్జెక్టివ్, చేసేది అచ్చం అదే. ఎదుటి దృశ్యాన్ని గొట్టం లోపల తలకిందులుగా తెచ్చి పెడుతుంది. దాన్ని మళ్లీ నిటారుగా తిప్పడానికి మధ్యలో ఇంకో చిన్న గొట్టం, దాంట్లో రెండు మూడు కటకాలు ఉంటాయి, వాటిని ఎరెక్టర్ అంటారు. మీరు రెట్లు పెంచే రింగు తిప్పినప్పుడు ముందుకీ వెనక్కీ జరిగేవి ఈ కటకాలే. పైనా పక్కనా ఉన్న టరెట్ అనే గుబ్బ తిప్పి క్లిక్కులు వేస్తే, ఈ చిన్న గొట్టాన్నే ఒక స్క్రూ మిల్లీమీటర్‌లో ఎన్నో వంతు పక్కకి నెడుతుంది, అవతలి వైపు నుంచి స్ప్రింగ్ ఎదురు తోస్తుంది. చివర్లో కంటి దగ్గర ఉండేది ఐపీస్, ల్యాబ్ భాషలో చెప్పాలంటే భూతద్దం.

చవక స్కోప్ పాడయ్యేది చాలాసార్లు ఆ స్ప్రింగ్ దగ్గరే. తుపాకీ పేలిన ప్రతిసారీ అది అదురుతుంది, కొన్నాళ్లకి చిన్న గొట్టం చోటు తప్పుతుంది, మీరేమో గురి బాగాలేదని మిమ్మల్ని మీరు తిట్టుకుంటారు.

ఇంకో సంగతి ఉంది. గాజు ఒక్కో రంగుని ఒక్కో రకంగా వంచుతుంది, పట్టకంలో ఇంద్రధనుస్సు వచ్చేది అందుకే. ఒకే కటకం వాడితే ఎరుపు ఒక చోట, నీలం ఒక చోట కుదురుకుంటాయి, దానివల్ల నల్లటి వస్తువు అంచున ఊదా గీత కనిపిస్తుంది. అందుకే ఆబ్జెక్టివ్‌లో క్రౌన్, ఫ్లింట్ అని రెండు రకాల గాజుని జత చేస్తారు, ఒకదాని తప్పుని ఇంకొకటి దిద్దుతుంది. ఖరీదైనవాటి మీద కనిపించే "ఈడీ గ్లాస్" అనే మాటకి అర్థం ఈ రంగుల చీలిక తక్కువగా ఉండే గాజు అని. అది ఎక్కువ రెట్లలోనే తేడా చూపిస్తుంది, 4 రెట్లలో ఈడీ కోసం అదనంగా డబ్బు పెట్టడం దండగ.

పూత: డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

రాత్రి లైటు వేసిన గదిలోంచి కిటికీ అద్దం చూస్తే మీ మొహం కనిపిస్తుంది కదా. వెలుగు గాజుని తాకిన ప్రతిచోటా సుమారు 4 శాతం వెనక్కి పోతుంది. ఇది ఏ పూతా లేని గాజు సంగతి. స్కోప్‌లో ఎనిమిది కటకాలు ఉన్నాయనుకోండి, ఒక్కోదానికి రెండు వైపులు, మొత్తం పదహారు. పదహారుసార్లు నాలుగేసి శాతం పోగా కంటికి చేరేది సగం కన్నా కాస్త ఎక్కువ, సుమారు 52 శాతం. అదే మంచి పూత వేసి ఒక్కో వైపు నష్టాన్ని అర శాతానికి తగ్గిస్తే 92 శాతం చేరుతుంది. ఒకటే గాజు, ఒకటే సైజు, తేడా అంతా పూతదే. ఈ కిటుకుని 1935లో జర్మనీలో జైస్ కంపెనీలో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా పేటెంట్ చేయించాడు. ఇప్పుడు మీ కళ్లజోడు మీద, ఫోన్ కెమెరా మీద ఉన్నవి కూడా ఆ వంశంలోవే.

పెట్టె మీద మాటల్ని జాగ్రత్తగా చదవండి, అమ్మేవాడు ఇక్కడే ఆడుకుంటాడు. "కోటెడ్" అంటే ఎక్కడో ఒక అద్దానికి ఒక పొర వేశాడు. "ఫుల్లీ కోటెడ్" అంటే గాలి తగిలే ప్రతి వైపూ ఒక్కో పొర వేశాడు. "మల్టీ కోటెడ్" వినడానికి గొప్పగా ఉంటుంది కానీ కొన్నిటికే ఎక్కువ పొరలు, మిగతావాటి సంగతి చెప్పడు. మీకు కావాల్సింది "ఫుల్లీ మల్టీ కోటెడ్", అన్నిటికీ అన్ని వైపులా ఎక్కువ పొరలు. ఆ మూడు మాటలూ లేకపోతే పక్కన పెట్టేయండి. అవి ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, పూతలోనూ నాణ్యత తేడాలుంటాయి, కానీ అవి లేనిదాన్ని అసలు చూడక్కర్లేదు.

ముందు అద్దం ఎర్రగా కెంపులా మెరిసే స్కోపులు ఆన్‌లైన్‌లో చాలా కనిపిస్తాయి. చూడ్డానికి భలే ఉంటాయి. ఎర్రగా మెరుస్తోందంటే ఎరుపు వెలుగుని మీ కంటికి ఇవ్వకుండా బయటికి తన్నేస్తోందని అర్థం, లోపలి నుంచి చూస్తే అంతా నీలం-పచ్చగా ఉంటుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. 92కీ 94కీ తేడా కంటికి తెలియదు. మంచి పూత వల్ల అసలు లాభం వెలుగు పెరగడం కన్నా పొగ తగ్గడం. వెనక్కి తిరిగిన వెలుగు గొట్టంలో అటూ ఇటూ తిరిగి చివరికి దృశ్యం మీద పల్చటి తెల్ల తెరలా పడుతుంది. సాయంత్రం సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు చెట్టు కింద నీడలో ఉన్నదేమిటో కనపడనివ్వనిది ఆ తెరే.

వెలుగు చుక్క: ఒక్క భాగహారం

మీ దగ్గర ఏదైనా స్కోప్ ఉంటే, తుపాకీ మీద నుంచి తీసి, తెల్లటి గోడ వైపు తిప్పి, చేయి చాచి దూరంగా పట్టుకుని ఐపీస్ చూడండి. మధ్యలో గుండ్రంగా వెలుగు చుక్క కనిపిస్తుంది. రింగుని తక్కువ నుంచి ఎక్కువకి తిప్పితే ఆ చుక్క చొక్కా గుండీ నుంచి మిరియపు గింజ దాకా చిక్కిపోతుంది. మీ కంటికి వచ్చే వెలుగంతా ఆ చుక్కే. దాని సైజు తెలుసుకోవడానికి ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగించండి చాలు. 40 ని 9 తో భాగిస్తే 4.4 మిల్లీమీటర్లు. 40 ని 4 తో భాగిస్తే 10. నా 50 ని 24 తో భాగిస్తే 2.1. ఆ సాయంత్రం నాకెందుకు ఏమీ కనిపించలేదో ఈ ఒక్క లెక్కలో ఉంది.

ఇటు పక్క మీ కంటిపాప. చీకట్లో కుర్రాళ్లకి 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, యాభై దాటినవాళ్లకి 5 దగ్గర ఆగిపోవడం మామూలు. చుక్క పాప కన్నా చిన్నదైతే దృశ్యం మసకబారుతుంది. పెద్దదైతే మిగతా వెలుగు వృథా, కానీ ఒక సుఖం ఉంది: తల కాస్త అటూ ఇటూ జరిగినా దృశ్యం పోదు. కాబట్టి మసక వెలుతుర్లో వాడేవాళ్లు 5 మిల్లీమీటర్లు వచ్చేలా రింగు పెట్టుకోండి. 40 ముందు అద్దానికి అది 8 రెట్లు. 50 కి 10 రెట్లు. మట్ట మధ్యాహ్నం రేంజ్‌లో కాగితం మీద కొట్టేవాళ్లకి పాప రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి ఈ గోల అక్కర్లేదు, 24 పెట్టుకున్నా చెల్లుతుంది.

"అలాగైతే 56 ముందు అద్దం కొనేస్తే పోలా" అని ఒక కజిన్ అడిగాడు. కొనొచ్చు. కానీ అంత పెద్ద అద్దం తుపాకీ నాళానికి తగలకుండా ఉండాలంటే ఎత్తు రింగులు (స్కోప్‌ని తుపాకీకి పట్టి ఉంచేవి) కావాలి, ఎత్తు రింగులు పెడితే చెంప తుపాకీ వెనక కట్టెకి ఆనదు, మెడ కొంగలా చాచి చూడాలి. చెంప ఆనకపోతే ప్రతిసారీ కన్ను ఒకే చోటికి రాదు, గురి నిలవదు. బరువు సంగతి వేరే చెప్పక్కర్లేదు. 30 మిల్లీమీటర్ల గొట్టం ఎక్కువ వెలుగు ఇస్తుందని కూడా చెప్తారు, అది అపోహ. లావు గొట్టంలో లోపలి చిన్న గొట్టం కదలడానికి చోటు ఎక్కువ, అంటే పైకీ కిందకీ ఎక్కువ క్లిక్కులు వస్తాయి, దూరం కొట్టేవాళ్లకి అది అవసరం. రెండొందల గజాల లోపు వేటకి ఒక అంగుళం గొట్టమే చాలు.

మీకెన్ని రెట్లు కావాలి

దూరం రాసుకోండి. నిజంగా మీరు కొట్టే దూరం, కలలో కొట్టేది కాదు. పొదలు, అడవి, వంద గజాల లోపు అయితే 1-6 గానీ 2-7 గానీ. పొలం గట్టు, రెండు మూడొందల గజాలు అయితే 3-9×40, ఇప్పటికీ దీన్ని మించిన బేరం లేదు. అయిదొందలు, ఆ పైన కాగితం మీదో ఇనప పలక మీదో కొట్టేవాళ్లకి 4-16, 5-25 లాంటివి. ముఖ్యంగా చూడాల్సింది కింది అంకె. కింది అంకె 6 అయిందంటే దగ్గరకొచ్చిన జంతువు మీకు కనిపించదు. పై అంకె తక్కువైతే మహా అయితే ఒక అవకాశం వదిలేస్తారు.

పెట్టె మీద ఇంకో అంకె చూడండి, ఐ రిలీఫ్. అంటే కంటికీ ఐపీస్‌కీ మధ్య ఉండాల్సిన దూరం. మూడున్నర నుంచి నాలుగు అంగుళాలు ఉండాలి. నాది మూడు కూడా లేదు, .308 రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు ఐపీస్ అంచు వచ్చి కనుబొమ్మ మీద కొట్టింది, చంద్రవంకలాగా తెగింది. ఇంటికెళ్తే మా ఆవిడ చూసి "పందిని కొట్టడానికి వెళ్లారా, దానితో కొట్టించుకోవడానికా?" అంది. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు నాలుగుకి తగ్గకండి.

గీతలు, క్లిక్కులు

లోపల కనిపించే గురి గీతల్ని రెటికల్ అంటారు. అది ఎరెక్టర్‌కి ముందు ఉంటే ఫస్ట్ ఫోకల్ ప్లేన్, వెనక ఉంటే సెకండ్. మొదటి రకంలో రెట్లు పెంచితే గీతలు కూడా పెరుగుతాయి, కాబట్టి గీతల మీది గుర్తుల లెక్క ఏ రెట్లలోనైనా సరిపోతుంది, కానీ తక్కువ రెట్లలో గీతలు సాలెగూడు దారంలా సన్నబడి మసకలో కనిపించవు. రెండో రకంలో గీతలు ఎప్పుడూ ఒకే లావు, గుర్తుల లెక్క మాత్రం ఒక్క చోటే, మామూలుగా గరిష్ఠ రెట్ల దగ్గరే కరెక్ట్. వేటకి రెండోది చాలు, చవక కూడా. దూరం చూసి లెక్కలు కట్టి కొట్టేవాళ్లకి మొదటిది.

క్లిక్కుల్లో రెండు కొలతలు. ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, వంద గజాల దగ్గర 1.047 అంగుళాలు, అంగుళం అనుకోండి. చాలావాటికి ఒక క్లిక్ పావు ఎంఓఏ, అంటే వంద గజాల దగ్గర పావు అంగుళం. ఎంరాడ్ అంటే రేడియన్‌లో వెయ్యో వంతు, వంద మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, ఒక క్లిక్ అందులో పదో వంతు, అంటే ఒక సెంటీమీటర్. మీటర్లలో ఆలోచించేవాళ్లకి ఎంరాడ్ హాయి, గజాల్లో మాట్లాడే రేంజ్‌లో ఎంఓఏ హాయి. ఏదైనా పర్వాలేదు, కానీ గీతలు ఒక కొలతలో, క్లిక్కులు ఇంకో కొలతలో ఉన్న స్కోప్ మాత్రం కొనకండి, అలాంటివి ఇంకా అమ్ముతున్నారు.

షాపులో ఎలా చూడాలి

షాపులో ట్యూబులైట్ల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి, చీరల షాపులో రంగు చూసినట్టే. అందుకే వీలైతే సాయంత్రం వెళ్లండి, మీ బడ్జెట్‌లోవి రెండు, దానికి పైన ఒకటి అడగండి, తుపాకీకి బిగించనివి చేత్తో పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్లనిమ్మని అడగండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. మూడింటినీ ఒకే రెట్లలో పెట్టండి, ఇది మర్చిపోతే పోలికే తప్పు.

ముందు ఐపీస్ సరిచేసుకోవాలి. ఖాళీ ఆకాశం వైపో తెల్లగోడ వైపో చూడండి, కానీ తేరిపార చూడకండి. ఒక్క రెండు సెకన్లు చూసి కన్ను తీసేయండి. గీతలు చూసిన వెంటనే పదునుగా లేకపోతే ఐపీస్ చివరి రింగుని కాస్త తిప్పి మళ్లీ రెండు సెకన్లు చూడండి. ఎక్కువసేపు చూస్తే మన కన్నే సర్దుకుని మోసం చేస్తుంది. ఇది చేయకుండా "అద్దం బాగాలేదు" అని తిరిగిచ్చేసినవాళ్లని నేను ఎరుగుదును, నేనూ ఒకసారి ఆ పనే చేశాను.

ఇక చూడండి. పార్కింగ్‌లో దూరంగా ఉన్న కారు నంబర్ ప్లేట్ మధ్యలో పెట్టుకుని, తర్వాత అదే ప్లేట్‌ని దృశ్యం అంచుకి తీసుకెళ్లండి, అక్కడ అక్షరాలు అలుక్కుపోతే కటకాల పనితనం అంతంతే. ఆకాశం ముందు నల్లటి కరెంటు తీగ ఉంటే దాని అంచు చూడండి, ఊదా గీత కనిపిస్తే అదే రంగుల చీలిక. సూర్యుడికి కాస్త పక్కగా ఉన్న చెట్టు నీడలోకి చూడండి, తెల్ల తెర పడుతుందా లేదా. సూర్యుడి వైపు నేరుగా మాత్రం చచ్చినా చూడకండి, కన్ను పోతుంది. చివరగా టరెట్ తిప్పి చెవి పెట్టి వినండి, ఒక్కో క్లిక్ విడిగా తెలియాలి, పిండిలో చెంచా తిప్పినట్టు ఉండకూడదు.

కొత్తవాళ్లకి నేను చెప్పేవి లూపోల్డ్ విఎక్స్-ఫ్రీడమ్, వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2, రెండింట్లోనూ 3-9×40 ఉంది, రెండు కంపెనీలూ జీవితకాలం బాగుచేసిస్తామని అంటాయి. జైస్, స్వరోవ్‌స్కీ కొనగలిగితే కొనండి, సాయంత్రం చివరి పది నిమిషాల్లో ఆ డబ్బు ఎక్కడికెళ్లిందో తెలుస్తుంది. నాకు మాత్రం అంత స్తోమత లేదు.

బిగించడం

మంచి స్కోప్‌ని చెత్త రింగులతో బిగిస్తే రెండూ చెత్తే. ముందుగా తుపాకీలో తూటాలు లేవని రెండుసార్లు చూసుకోండి, బోల్ట్ (తూటాని నాళంలోకి నెట్టి మూసే కడ్డీ) తీసేయండి. రింగులు వదులుగా పెట్టి, కళ్లు మూసుకుని తుపాకీని సహజంగా భుజానికి ఆనించి, చెంప ఆన్చి, అప్పుడు కళ్లు తెరవండి. దృశ్యం నిండుగా, చుట్టూ నల్ల నీడ లేకుండా కనిపించాలి. నీడ ఉంటే స్కోప్‌ని ముందుకో వెనక్కో జరపండి, మెడ జరపకండి. ఇది గరిష్ఠ రెట్లలో చేయండి, అక్కడ కుదిరితే మిగతాచోట్ల కుదురుతుంది. పడుకుని కొట్టేటప్పుడు తల ఇంకా ముందుకొస్తుంది, అలా కూడా చూసుకోండి, నా కనుబొమ్మ సాక్షి.

నిలువు గీత నిజంగా నిలువుగా ఉందో లేదో చూడాలి. మేస్త్రీలు గోడకి వేలాడదీసే గుండు దారంలాంటిది యాభై అడుగుల దూరంలో కట్టండి, తుపాకీని సమంగా కూర్చోబెట్టి, గీతని ఆ దారంతో కలపండి. తర్వాత స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్లొద్దు, కారు టైరు నట్లలాగా ఎదురెదురువి కొంచెం కొంచెంగా. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ డ్రైవర్ అరువు తెచ్చుకోండి, చాలా రింగుల పై స్క్రూలకి 15 నుంచి 18 అంగుళ-పౌండ్లు, మీ రింగుల కాగితం మీద ఏముంటే అదే ఖాయం. చేత్తో బలంకొద్దీ బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది, లోపలి చిన్న గొట్టం కదలదు.

జీరో చేయడం

జీరో చేయడం అంటే గీతల మధ్య ఎక్కడుంటే తూటా అక్కడే పడేలా స్కోప్‌ని సరిచేయడం. 25 గజాలతో మొదలుపెట్టండి. బోల్ట్ తీసిన తుపాకీని ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి నాళం లోంచి చూస్తే టార్గెట్ మధ్య కనిపించాలి, అప్పుడు తుపాకీ కదలకుండా టరెట్లు తిప్పి గీతల్ని కూడా అక్కడికే తెండి. బోల్ట్ పెట్టి ఒకటి కొట్టండి, కాగితం మీద పడుతుంది. అక్కడ ఒక పావు ఎంఓఏ క్లిక్ అంటే అంగుళంలో పదహారో వంతే, కాబట్టి ఒక అంగుళం జరపాలంటే 16 క్లిక్కులు. దాదాపు మధ్యకి వచ్చాక వంద గజాలకి వెళ్లండి.

వంద గజాల దగ్గర మూడేసి కొట్టి, మూడింటి మధ్య బిందువు చూడండి. ఒక్క దెబ్బ చూసి టరెట్ తిప్పడం అందరూ చేసే తప్పు. గుంపు మూడంగుళాలు కింద, రెండంగుళాలు కుడికి పడిందనుకోండి, పైకి 12, ఎడమకి 8. టరెట్ మీది బాణం తూటా పడే చోటు ఎటు జరుగుతుందో చెప్తుంది, గీతలు ఎటు జరుగుతాయో కాదు. నాళం చల్లారనివ్వండి, మళ్లీ మూడు.

కుదిరాక ఇంకో పరీక్ష చేయండి, చవక స్కోప్ బండారం బయటపడేది ఇక్కడే. ఒకటి కొట్టి, 20 క్లిక్కులు కుడికి తిప్పి అదే మధ్యకి గురిపెట్టి కొట్టండి. తర్వాత 20 పైకి, 20 ఎడమకి, 20 కిందకి, ఒక్కోసారి ఒక్కో తూటా. అయిదంగుళాల చతురస్రం రావాలి, చివరి తూటా మొదటిదాని పక్కనే పడాలి. నా పాతదానితో వచ్చింది చతురస్రం కాదు, చిన్నపిల్లలు గీసిన గాలిపటం. గడువు దాటకపోవడంతో అమ్మినవాళ్లు తిరిగి తీసుకున్నారు, గొణుక్కుంటూనే.

తల కాస్త పక్కకి జరిపితే గీతలు టార్గెట్ మీద జారుతున్నాయా? అది పారలాక్స్, లోపం కాదు. మామూలు వేట స్కోపుల్ని వంద గజాలకి సరిచేసి పంపుతారు, చిన్న తూటా పేల్చే .22 రైఫిళ్ల కోసం చేసినవాటిని 50 కి. పక్కన మూడో టరెట్ ఉన్నవాటిలో గీతలు జారడం ఆగేదాకా దాన్ని తిప్పుకోవచ్చు. అది లేకపోతే చెంప ప్రతిసారీ ఒకే చోట ఆన్చండి, సరిపోతుంది.

తుడవడం, మంచు పట్టడం

చొక్కా అంచుతో తుడవొద్దు, అద్దం మీద ఉన్న దుమ్ము సన్న ఇసుకే, పూతని గీరేస్తుంది. ముందు గాలి ఊదే రబ్బరు బల్బు, తర్వాత మెత్తటి బ్రష్, వేలిముద్రలు ఉంటేనే లెన్స్ ద్రవం, మైక్రోఫైబర్ గుడ్డ. కిటికీలకి కొట్టే అమ్మోనియా స్ప్రే దగ్గరికి రానివ్వకండి. ఏసీ కారులోంచి దిగగానే అద్దం మీద ఆవిరి పడితే కంగారు పడకండి, విజయవాడలో ఏసీ బస్సు దిగితే కళ్లజోడు మసకబారినట్టే, కాసేపటికి పోతుంది. ఆవిరి లోపలి వైపు కనిపిస్తే మాత్రం సీలు పోయింది, లోపల నింపిన నైట్రోజన్ పోయి తేమ గాలి చేరింది, వారంటీకి పంపడమే.

ఇండియాకి తీసుకెళ్లొచ్చా?

ప్రతి డిసెంబర్‌లోనూ వచ్చే ఫోన్ ఇది. "బావా, వచ్చేటప్పుడు ఒక స్కోప్ పట్టుకురా." తీసుకురాకండి. రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్నాయి, లైసెన్స్ లేకుండా సూట్‌కేసులో పెట్టుకుని వెళ్తే ఇబ్బంది మీకే, బావమరిదికి కాదు. ఇండియాలో వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నిషేధం కాబట్టి అక్కడ మామూలుగా కావాల్సింది ఎయిర్ రైఫిల్ మీదకే. పోటీలకి వెళ్లే పిల్లలకైతే అసలు అవసరమే లేదు. లండన్ 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోప్ వాడనివ్వరు, చిన్న రంధ్రం ఉన్న సైటుతోనే కొట్టాలి.

సరదాకి ఇంటి వెనక డబ్బాలు కొట్టేవాళ్లు అక్కడే కొనుక్కోండి, కానీ రెండు విషయాలు అడిగి కొనండి. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ముందుకీ వెనక్కీ రెండు వైపులా అదురుతుంది, పెద్ద తుపాకీ దెబ్బకి తట్టుకున్న స్కోప్ కూడా దీనికి గీతలు ఊడి పాడవుతుంది, అందుకని "స్ప్రింగ్ గన్‌కి పనికొస్తుంది" అని రాసి ఉన్నదే కావాలి. రెండోది, పారలాక్స్ పది గజాల దాకా తగ్గించుకునే వీలుండాలి, లేకపోతే ఇరవై గజాల్లో డబ్బా మసగ్గా కనిపిస్తుంది. మా బావమరిది ఇవి రెండూ వినకుండా 6-24 కొన్నాడు, దీపావళికి వెళ్తే గోడ మీద తగిలించి ఉంది.